నూట అరవై ఒక్క మీటర్లు

"కాదు అని చెప్పినా చెప్పినట్టేనమ్మా. అందుకే అవుననను, కాదనను."

గడియారాల పెద్దాయన ఆ ఒక్క ముక్కా అని మళ్లీ నోరు బిగించుకున్నాడు. గురువారం మధ్యాహ్నం రెండూ పది. పోలీస్ స్టేషన్ వెనక గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడ మీద ఐదు నిమిషాలు వెనకబడిన గడియారం. తనను పట్టుకొచ్చి కూర్చోబెట్టిన సంగతి కంటే ఆ గడియారమే పెద్దాయనను ఎక్కువ బాధపెడుతున్నట్టుంది. మాటిమాటికీ దాన్నే చూస్తున్నాడు.

ఎదురుగా కూర్చున్నావిడను ఊరంతా సర్వేయరమ్మ అంటుంది. ఇరవై ఆరేళ్లు భూములు కొలిచింది. ఉద్యోగం మానేశాక ప్రైవేటు డిటెక్టివ్ అని పెద్ద బోర్డు రాయించింది కానీ పాత పేరు ఆమెను వదల్లేదు. వదలకపోవడమే ఆమెకు ఇష్టం. తాను పాతిన హద్దురాయిని ఇంతవరకూ ఏ కోర్టూ కదపలేదని చెప్పుకునే అవకాశం వస్తే ఇప్పటికీ వదులుకోదు.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ ఆమె సొంత తమ్ముడే. అక్క తన కేసులో వేలు పెట్టడం అతనికి చిన్నప్పటినుంచీ గిట్టదు.

"విన్నావా అక్కా? పొద్దుట్నుంచీ ఇదే పాట. పెట్టె ఎక్కడ పెట్టారో తెలిసింది లోకంలో ఇద్దరికే. ఒకాయన ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడున్నాడు. రెండో ఆయన ఈయన. చెప్పింది ఎవరో తేల్చడానికి డిటెక్టివ్ కావాలా?"

"ఆసుపత్రి దగ్గర కాపలా పెట్టావా?"

"నాకు నేర్పకు. గది ముందు ఇద్దర్ని పెట్టాను. కట్టుకున్న భార్యను తప్ప ఈగను కూడా లోపలికి పోనివ్వరు" అన్నాడు ఇన్‌స్పెక్టర్, మీసం సవరించుకుంటూ.

కేసు క్లుప్తంగా ఇది. నీటి సరఫరా ల్యాబ్‌లో కెమిస్టు ఒకాయన, రంగుల ఫ్యాక్టరీ వదులుతున్న మురుగు తాగునీటిలో కలుస్తోందని ఏడాదిపాటు తన చేత్తో నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాడు. రేపు పొద్దున పది గంటలకు విచారణ సంఘం ముందు ఆ పుస్తకం చూపించాలి. మంగళవారం సాయంత్రం ఎవరో వెనకనుంచి ఇనుపకడ్డీతో తలమీద కొట్టారు. పుస్తకాన్ని తన చిక్కుముడి పెట్టెలో దాచానని ఆయన భార్యతో మాత్రం అన్నాడట. ఆ సంగతి పోలీసులకు చెప్పింది ఆవిడ తమ్ముడు. బుధవారం తెల్లారేసరికి కాలువ పక్కన బీడులో తవ్విన గుంత ఒకటి కనబడింది. పెట్టె మాత్రం లేదు.

ఆ పెట్టెల ఆట సర్వేయరమ్మకు కొత్త కాదు. ఒకరు చిన్న డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు సైటులో పెడతారు. మిగతావాళ్లు ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి, డబ్బాలోని పుస్తకంలో సంతకం చేసి, దాన్ని మళ్లీ అక్కడే ఉంచి వస్తారు. చిక్కుముడి పెట్టెకైతే అసలు చోటు సైటులో కనబడదు. మ్యాపు మీద ఉత్తుత్తి గుర్తు ఒకటి ఉంటుంది. దానికి మూడు కిలోమీటర్ల లోపల అసలు పెట్టె ఎక్కడో ఉంటుంది. చిక్కు విప్పితేనే తెలుస్తుంది. కెమిస్టు చిక్కును నాలుగు నెలలుగా ఎవరూ విప్పలేకపోయారు.

కొత్త పెట్టె ఏది పెట్టాలన్నా పరిశీలకుడు సరే అనాలి. ఈ ప్రాంతానికి పందొమ్మిదేళ్లుగా పరిశీలకుడు గడియారాల పెద్దాయనే. జీతం లేదు, బత్తెం లేదు. రిపేరు బల్ల ముందు కూర్చుని, ఒక కన్ను భూతద్దంలో, ఒక కన్ను ఫోనులో పెట్టుకుని చేస్తాడు. ఆయన చూసే మొదటి నియమం, ఒక పెట్టెకూ ఇంకో పెట్టెకూ మధ్య కనీసం నూట అరవై ఒక్క మీటర్ల దూరం ఉండాలి. నూట అరవై అయినా ఒప్పుకోడు. ఏ దరఖాస్తునూ గంట దాటి ఆపలేదు. ఏ రహస్యాన్నీ ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు.

"జైల్లో పెట్టినా ఫర్వాలేదమ్మా. చోటు చెప్పేశాడన్న పేరు మాత్రం నాకొద్దు" అన్నాడాయన. వెంట్రుకంత స్ప్రింగును ఒక్క పట్టుతో బిగించే చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. సర్వేయరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"పెట్టె ఎక్కడుందో నేను అడగను" అంది.

పెద్దాయన తలెత్తాడు. "మరేం అడుగుతారు?"

"ఈ నెలలో మీరు కుదరదన్న దరఖాస్తులెన్ని?"

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "పదకొండు."

"అందులో మీతో పోట్లాడనివాళ్లెంతమంది?"

పెద్దాయనకు నవ్వొచ్చింది. "పోట్లాడనివాళ్లా! కుదరదంటే చాలు, నామీద విరుచుకుపడతారు. ఆ చెట్టు మా నాన్న నాటాడండీ అంటారు. మీ టేపు సాగిపోయిందండీ అంటారు. మూడు మీటర్లు తక్కువైందని ఒకాయన నాకు పదహారు ఉత్తరాలు రాశాడు. పోట్లాడని మనిషంటూ..." అంటూనే వేలు ఒక పేజీ మీద ఆపాడు. "ఒక్కరున్నారు. 'కొత్తబాట' అన్న పేరుతో ఇరవై రోజుల కింద చేరారు. ఐదు దరఖాస్తులు పెట్టారు. మూడింటికి సరే అన్నాను, రెండింటికి కుదరదన్నాను. మారుమాట లేదు. సరే అన్నచోట కూడా పెట్టె పెట్టకుండానే వెనక్కి తీసుకున్నారు."

"ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎంతసేపు?"

"శనివారం నాలుగూ ఐదుకి ఒకటి కుదరదన్నాను. నాలుగూ పదకొండుకల్లా ఇంకోటి వచ్చింది."

"ఆ ఐదు చోట్లూ నాకు చెప్పొచ్చా?"

"నిక్షేపంగా. అక్కడ ఏ పెట్టే లేదు కదమ్మా. లేనిదానికి రహస్యమేముంది?"

సర్వేయరమ్మ ఆయన వంక ఒక్క క్షణం జాలిగా చూసి, అంకెలు రాసుకుని లేచింది.

"పదండి. గుంత చూద్దాం."

మూడూ ఇరవైకి జీపు బీడులో ఆగింది. కెమిస్టు బావమరిది నీలం హెల్మెట్ చంకన పెట్టుకుని అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "అక్క అడగమంది సార్, ఏమైనా తెలిసిందా అని" అన్నాడు. టేపు చివర పట్టుకోమంటే మారుమాట్లాడకుండా వంగి పట్టుకున్నాడు. శుభ్రంగా కడిగిన బూట్లే కానీ, కుట్ల వెంబడి ఊదారంగు సన్నగా మిగిలిపోయింది. సర్వేయరమ్మ అది చూసీ చూడనట్టే టేపు లాగింది.

నిజానికి ఆమెకు టేపు అక్కర్లేదు. ఆమె అడుగు డెబ్బై ఆరు సెంటీమీటర్లు. ఎండైనా బురదైనా అంతే. పాత పంపుహౌస్ నుంచి గుంతదాకా నూట డెబ్బై ఆరు అడుగులు వేసింది. అటుపక్క లారీలు తూచే పాడుబడిన వేబ్రిడ్జి నుంచి గుంతదాకా కూడా సరిగ్గా అన్నే వేసింది.

"నూట ముప్పై నాలుగు మీటర్లు. రెండువైపులా" అంది.

ఇన్‌స్పెక్టర్ నమ్మలేదు. టేపుతో కొలిపించాడు. నూట ముప్పై నాలుగు మీద జానెడు వచ్చింది.

"ఆ జానెడు నీ టేపుది" అంది అక్క, నడుం మీద చెయ్యి వేసుకుని.

గుంత మోకాలి లోతు ఉంది. సర్వేయరమ్మ మోకాళ్ల మీద కూర్చుని లోపలికి వంగింది. గునపం గాట్లు తాజాగా ఉన్నాయి. అడుగున రెండు సన్నని చెట్టువేళ్లు ఈ గోడనుంచి ఆ గోడదాకా తెగకుండా పాకి ఉన్నాయి.

"పెద్దాయనా, పెట్టెను మట్టిలో పూడ్చొచ్చా?"

"చస్తే కుదరదమ్మా. తవ్వకూడదు. అది రెండో నియమం. గునపం పేరెత్తితేనే నేను దరఖాస్తు చింపేస్తాను."

"విన్నావురా? ఇక్కడ ఏ పెట్టే ఎప్పుడూ లేదు. ఉంటే ఆ వేళ్లు తెగేవి. తవ్వినవాళ్లకు ఈ ఆట రాదు. ఈయన చోటు చెప్పి ఉంటే ఇంత అమాయకంగా తవ్వుతారా? నువ్వు పప్పులో కాలేశావు."

"అయితే సరిగ్గా ఇక్కడే ఎందుకు తవ్వారు? ఇంత బీడుంది. కలొచ్చిందా?" ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు. "నీ అడుగుల లెక్కలతో నా కేసు చెడగొట్టకు అక్కా. నాకు పై అధికారులున్నారు. రేపు పదింటికి నేనేం చూపించాలి? రెండు వేళ్లా?"

సర్వేయరమ్మ జీపు బానెట్ మీద కాగితం పరిచి, సంచిలోంచి ఇత్తడి కంపాసు తీసింది. సర్వీసులో మొదటి రోజు కొన్నదది. సెంటీమీటరుకు ఇరవై మీటర్ల లెక్కన కాళ్లను ఎనిమిది సెంటీమీటర్ల మీద వెంట్రుకవాసి విప్పింది.

"పెద్దాయన కుదరదన్న మొదటి చోటు పంపుహౌస్. అంటే దాని చుట్టూ నూట అరవై ఒక్క మీటర్లలో ఇంకో పెట్టె ఏదో ఉంది. మ్యాపులో మాత్రం ఏమీ కనబడదు. అంటే అది దాచిన పెట్టె." కంపాసు తిప్పి ఒక చక్రం గీసింది. "రెండోసారి కుదరదన్నది వేబ్రిడ్జి." ఇంకో చక్రం గీసింది. రెండూ మధ్యలో ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. "ఈ రెంటికీ ఉమ్మడిగా ఉన్న ముక్కలోనే ఉండాలి పెట్టె. ఆ ముక్కలో సగం కాలువవైపు, సగం బీడువైపు ఉంది. చివరి దరఖాస్తు కాలువకు అవతలి గట్టు. దానికి సరే అన్నారు. అంటే కాలువవైపు సగం కొట్టేయాలి. మిగిలింది బీడు. దాని నడిమధ్యలో ఈ గుంత. చోటు తెలిసి తవ్వలేదురా. లెక్కగట్టి తవ్వారు."

ఇన్‌స్పెక్టర్ కాగితం మీదకు వంగాడు. రెండు చక్రాలూ వేలితో చుట్టి చూశాడు. బావమరిది కూడా మెడ సాచి చూశాడు.

"ఇంకో సంగతి. మూడు కిలోమీటర్ల మేర గుడ్డిగా వెతికితే వంద దరఖాస్తులైనా చాలవు. వీళ్లకు ఐదుతో తేలింది. కెమిస్టు సాయంత్రాలు ఎటు నడిచేవాడో బాగా తెలిసినవాళ్ల పని ఇది."

ఆ మాటలేవీ పెద్దాయనకు ఎక్కినట్టు లేదు. ఆయన చక్రాలనే చూస్తున్నాడు. మొహం పాలిపోయింది.

"నేనే చెప్పానన్నమాట" అన్నాడు. "పొద్దుట్నుంచీ వీళ్లకు నీతులు చెప్పానే... కాదంటే చెప్పినట్టేనని. శనివారం నేనే రెండుసార్లు కాదన్నాను. చోటు నా చేత్తోనే ఇచ్చాను."

"మీరు ఇవ్వలేదు" అంది సర్వేయరమ్మ గట్టిగా. "మీ మాట మీద వాళ్లకంత నమ్మకం. నూట అరవై ఒకటంటే ఒకటే. మనిషిని బట్టి మారదు, బతిమాలితే తగ్గదు. అందుకే దానిమీద లెక్క కట్టగలిగారు. మీరే గనక ఎక్కడో ఒకచోట నూట యాభైకి తలూపే మనిషైతే ఈ గీతలన్నీ గాల్లో కలిసేవి. సిగ్గుపడాల్సింది మీరు కాదు."

పెద్దాయన పెదవి తడుపుకున్నాడు. "ఒక్కసారి తలూపానమ్మా. దాటలేని అడ్డం ఏదైనా మధ్యలో ఉంటే, నడిచి చుట్టి రావాల్సి వస్తే, తక్కువ దూరానికైనా పరిశీలకుడు ఒప్పుకోవచ్చు. పందొమ్మిదేళ్లలో ఒక్కసారి..."

సర్వేయరమ్మ చప్పున చెయ్యి అడ్డం పెట్టింది. "చాలు. ఎక్కడని చెప్పకండి."

కాలువ అరవై మీటర్ల వెడల్పు. నిండుగా పారుతోంది. వంతెన రెండు కిలోమీటర్ల అవతల ఉంది. ఆమె ఒకసారి నీళ్లకేసి చూసి, అందరికీ వినబడేలా అంది.

"తమ్ముడూ, ఈయనను వదిలెయ్. ఫోను కూడా ఇచ్చెయ్, ఈయన పని ఈయన చేసుకుంటాడు. లెక్కగట్టినవాళ్లు ఒక్కచోటే తప్పారు. కాలువను మర్చిపోయారు. అవతలి గట్టుకు సరే అన్నంత మాత్రాన ఇవతలి గట్టును కొట్టేయకూడదు. పెట్టె ఇంకా ఉన్నచోటే ఉంది. రేపు పొద్దున్నే వచ్చి వెతుకుదాం."

"రేపా? అక్కా, పదింటికి విచారణ..."

"రేపే" అంటూ తమ్ముడి కాలు తొక్కింది.

ఇన్‌స్పెక్టర్‌కు అక్క మీద వెయ్యి ఫిర్యాదులుండొచ్చు కానీ, చిన్నప్పుడు తండ్రి ముందు అబద్ధం ఆడాల్సి వచ్చినప్పుడల్లా ఆమె తొక్కింది ఆ కాలే. అతనికి అర్థమైంది. విసుక్కుంటున్నట్టు మొహం పెట్టి ఫోను తీసి పెద్దాయన చేతిలో పెట్టాడు. అప్పుడు నాలుగూ ఐదు. బావమరిది నమస్కారం పెట్టి, "ఆసుపత్రిలో అక్క ఒక్కతే ఉంది, వెళ్తాను" అని స్కూటరెక్కాడు.

స్కూటరు చప్పుడు పోయాక, దూరంగా చెట్టు కింద కూర్చున్న డ్రైవరును పిలిచి, జీపును గట్టిగా హారను కొడుతూ తీసుకుపోయి రోడ్డు మలుపులో ఆపుకోమన్నారు. ఇద్దరు కానిస్టేబుళ్లను ఫోనులో పిలిచి పంపుహౌస్ గేటు బయట దాక్కోమన్నారు. ముగ్గురూ పంపుహౌస్‌లోకి దూరారు. లోపల తుప్పు వాసన. పగిలిన కిటికీలోంచి కాలువ గట్టు పొడుగునా కనబడుతోంది.

నాలుగూ పదిహేడుకి పెద్దాయన ఫోను మోగింది.

"కొత్తబాట" అన్నాడు, గొంతు తగ్గించి. "ఆరో దరఖాస్తు. ఈ గట్టు మీదే."

"కాలువ సంగతి విన్నది నలుగురం" అంది సర్వేయరమ్మ. "ముగ్గురం ఇక్కడున్నాం."

ఇన్‌స్పెక్టర్ పళ్లు నూరాడు. "ఏడుస్తూ టేపు పట్టుకున్నాడే! పెద్దాయనా, మేం చెప్పినట్టు జవాబివ్వండి. ఎక్కడ కావాలంటే అక్కడికి రప్పిద్దాం వాణ్ని."

"అబద్ధం రాయమంటారా?" పెద్దాయన నిటారుగా నిలబడ్డాడు. అంతవరకూ వంగిన నడుము అది కాదన్నట్టుంది. "అది నావల్ల కాదు. నన్ను మళ్లీ స్టేషన్‌కు తీసుకుపోండి."

అక్కాతమ్ముళ్ల మధ్య ఇంకో రగడ మొదలయ్యేదే. సర్వేయరమ్మ తమ్ముణ్ని పక్కకు నెట్టింది. "అబద్ధం ఎవరడిగారు? ఎప్పుడూ చేసినట్టే చెయ్యండి. కొలిచి చూడండి. ఉన్నది రాయండి."

అని, గిర్రున వెనక్కి తిరిగి గోడకేసి నిలబడింది. ఆరో చోటు తెలిస్తే తన బుర్రలో మూడో చక్రం దానంతటదే గీసుకుంటుంది. పెట్టె చోటు తెలిసిపోతుంది. ఈ మనిషి పందొమ్మిదేళ్లు కాచిన దాన్ని తాను దొంగచాటుగా చూడదలచుకోలేదు. ఆమె గోడకేసి తిరగడం పెద్దాయన చూశాడు. ఆయన కళ్లు చెమర్చాయి. కళ్లజోడు తుడుచుకుని, రెండుసార్లు కొలిచి, పందొమ్మిదేళ్లుగా రాస్తున్న వాక్యాన్నే ఒక్క అక్షరం మార్చకుండా రాశాడు.

"ఇంకో పెట్టెకు మరీ దగ్గరగా ఉంది. దయచేసి వేరే చోటు చూడండి."

"నిజమేనా?" అడిగింది గోడవైపునుంచే.

"నూటికి నూరుపాళ్లూ" అన్నాడాయన గర్వంగా.

నాలుగూ నలభై రెండుకి నీలం హెల్మెట్ గట్టు మీద కనబడింది. బావమరిది పొదలు కదిలిస్తూ, రాళ్లు దొర్లిస్తూ నెమ్మదిగా వస్తున్నాడు. మధ్యలో ఫోను చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. పాత క్రేను దిమ్మ దగ్గర ఆగి, దాని వెనక ఉన్న ఇనుప గొట్టంలోకి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి, ఆకుపచ్చ డబ్బా ఒకటి బయటకు లాగాడు.

ఇన్‌స్పెక్టర్ ఈల వేశాడు. గేటు బయట దాక్కున్న ఇద్దరు కానిస్టేబుళ్లు అటునుంచి వచ్చారు.

"కదిలావంటే ఊరుకోను. రెండు చేతులూ డబ్బా మీదే ఉంచు" అన్నాడు ఇన్‌స్పెక్టర్, పరుగున వెళ్లి.

"రంగుల ఫ్యాక్టరీ గోదాములో ఎన్నాళ్లనుంచి పని?" అడిగింది సర్వేయరమ్మ, అతని బూట్ల కుట్లకేసి చూపిస్తూ.

బావమరిది మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెండు చేతులూ డబ్బాను పట్టుకునే ఉన్నాయి. మూత సందులోంచి నోటుపుస్తకం అంచు కనబడుతోంది. ఇన్‌స్పెక్టర్ పెద్దాయన వైపు తిరిగి, టోపీ తీసి, "తప్పు నాది" అన్నాడు. అతని నోట ఆ మాట అక్క కూడా ఎప్పుడూ వినలేదు.

పెద్దాయన జవాబు చెప్పబోతుండగా చేతిలో ఫోను మళ్లీ మోగింది.

"కొత్తబాటే. ఏడో దరఖాస్తు" అన్నాడు.

అందరూ బావమరిది చేతుల వంక చూశారు. అవి డబ్బా మీదే ఉన్నాయి. అతని ఫోను జేబులోనే ఉంది.

పెద్దాయన ఇదేమీ పట్టించుకోలేదు. ఆయనకు ఏదైనా దరఖాస్తు దరఖాస్తే. కళ్లజోడు పైకి తోసి మ్యాపు చూశాడు.

"తొందరలో గుర్తు జరపడం మర్చిపోయినట్టున్నారు. ఫోను ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది. అయినా ఇది నేను ఎలాగూ ఒప్పుకోనమ్మా. ఆసుపత్రి ఆవరణలో పెట్టెలు పెట్టకూడదు. అది కూడా నియమమే."

సర్వేయరమ్మ తమ్ముడికేసి తిరిగింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒరేయ్, ఆయన గదిలోకి ఎవర్ని పోనిస్తున్నారన్నావు?"

"కట్టుకున్న... భార్యను ఒక్కదాన్నే" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ వెంటనే వైర్‌లెస్ లాగి, గదిలోకి పొమ్మని కాపలావాళ్లమీద అరుస్తూ రోడ్డువైపు పరుగెత్తాడు. మోకాళ్ల మీదున్న బావమరిది, "అక్కా" అని ఒక్కసారి గొణిగి తల దించుకున్నాడు.

పెద్దాయన బొటనవేలు ఫోను మీద ఆగిపోయింది. "జవాబివ్వనా అమ్మా?"

"ఇప్పుడే వద్దు. మనం చేరేదాకా ఆవిడ ఆ ఫోనుకేసే చూస్తూ ఉండాలి. దానిమీదనుంచి కళ్లు మంచం మీదికి మళ్లకూడదు."

పెద్దాయన తల ఊపాడు. పందొమ్మిదేళ్లలో మొదటిసారి, వచ్చిన దరఖాస్తును జవాబివ్వకుండా జేబులో పెట్టుకుని, ఆమె వెనకే జీపు వైపు పరుగెత్తాడు.